మంగళవారం నాటి గుడ్డ

టైలరమ్మకు తన వియ్యపురాలు వార్డెనమ్మంటే గిట్టదు. ఈ గిట్టకపోవడం నిన్నమొన్నటిది కాదు. పిల్లల పెళ్ళప్పుడు, కాబోయే అల్లుడికని ఆమె కాజాలన్నీ చేత్తో తీసి ఒక చొక్కా కుట్టి పట్టుకెళ్ళింది. వార్డెనమ్మ దాని మడత విప్పి, మెడపట్టీ లోపల రెండు వేళ్ళు పెట్టి చూసి, "బాగుంది వదినగారూ, ఇంట్లో వేసుకుంటాడులెండి" అంది. పెళ్ళికొడుకు దుకాణంలో కొన్న చొక్కాతోనే పెళ్ళి చేసుకున్నాడు. ఆ "లెండి" టైలరమ్మ గుండెలో విరిగిన సూదిముక్కలా దిగబడి ఉండిపోయింది.

వార్డెనమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా నడక పోలేదు. నడుముకి తాళాల గుత్తి వేలాడుతున్నట్టే నడుస్తుంది. గదిలోకి రాగానే ముందు మూలలు చూస్తుంది, తరవాత మనుషుల్ని చూస్తుంది. మాట మాత్రం ఎప్పుడూ మర్యాదగానే ఉంటుంది. అదే టైలరమ్మకు ఒళ్ళు మండించేది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టొచ్చు. ఈవిడ "మీరు", "అండీ" అంటూనే చెంప ఛెళ్ళుమనిపిస్తుంది.

ఇద్దరికీ ఒకటే మనవరాలు. ఇంకా కూర్చోవడం రాని పసిగుడ్డు. టైలరమ్మ కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, అల్లుడు సరుకుల లారీ నడుపుతాడు, వెళ్ళాడంటే వారం దాకా రాడు. కాన్పు సెలవు అయిపోగానే కూతురు ఒక ఏర్పాటు చేసింది. పొద్దున పూట అమ్మ పాపను చూసుకుంటుంది, మధ్యాహ్నం అమ్మ వెళ్ళి కుట్టుకొట్టు తెరుచుకుంటుంది, అప్పటినుంచి సాయంత్రం దాకా అత్తయ్య. ఏర్పాటు కాగితం మీద చక్కగా ఉంది. చిక్కల్లా మధ్యాహ్నం ఆ గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడాల్సి రావడమే.

"పాప నిద్రపోయిందాండీ?"

"ఇప్పుడే పడుకుందండీ."

"ఇప్పుడు పడుకుంటే సాయంత్రం ఏడుస్తుందే. సరేలెండి, నేను చూసుకుంటాను."

మెట్లు దిగుతున్నంత సేపూ టైలరమ్మ పళ్ళు నూరుకునేది.

ఇదిలా ఉండగా ఒకరోజు కూతురే అంది. "అమ్మా, తుడవడానికి వాడే ఈ ప్యాకెట్ వైప్స్‌తో పాప ఒళ్ళు పొడిబారిపోతోంది. పైగా చెత్తబుట్ట నిండా అవే. గుడ్డవి కుట్టిపెట్టకూడదూ? ఉతుక్కుని మళ్ళీ వాడుకునేట్టు."

టైలరమ్మకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. తన చేతి పని ఆ ఇంట్లోకి, అదీ వార్డెనమ్మ కళ్ళెదుటికి పోవడం పెళ్ళి తరవాత ఇదే మొదటిసారి. ఆ ఉత్సాహంలోనే తప్పులో కాలేసింది. కొట్టులో పిల్లల నైట్‌డ్రస్సులకు వాడగా మిగిలిన గుడ్డ ఉంది. చెంపకు ఆనిస్తే కుందేలు పిల్లను ముట్టుకున్నట్టు ఉంటుంది. మెత్తదనం చూసి మురిసిపోయింది గానీ అది పాలిస్టర్ అన్న సంగతి పట్టించుకోలేదు. ఒక్క పూటలో కట్ట కట్టి తెచ్చేసింది.

మర్నాడు మధ్యాహ్నం వార్డెనమ్మ ఒక గుడ్డను రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వదినగారూ, ఇవి తుడవడానికా, పూయడానికా?"

"అంటే?"

"మీరే చూడండి. నీళ్ళు పీల్చదు, మురికి పీల్చదు. ఇక్కడిది అక్కడికి రాస్తోంది. నిన్న పాప వీపు దాకా పాకింది. స్నానం చేయించాల్సి వచ్చింది."

టైలరమ్మ ముఖం జేవురించింది. ఎదుటి మనిషి అబద్ధం చెప్పి ఉంటే నాలుగు దులిపి ఉండేది. కానీ ఆ మాట నిజం. గుడ్డ మీద నీటిచుక్క పడితే తామరాకు మీద పడ్డట్టు దొర్లిపోతోంది. నలభై ఏళ్ళుగా గుడ్డతో బతికిన మనిషికి ఆ సంగతి ఒక వార్డెన్ చెప్పాల్సి రావడం కంటే తలవంపు ఇంకేముంటుంది? "రేపు వేరేవి తెస్తాను" అని మాత్రం అంది. మెట్లు దిగాక తెలిసింది, ఆవిడ చేతిలోంచి అందుకున్న గుడ్డను ఇంకా ఉండలా నలిపి పట్టుకునే ఉన్నానని.

అదే సాయంత్రం బట్టల దుకాణానికి వెళ్ళింది. సీసాతో నీళ్ళు తీసుకెళ్ళి, ఒక్కో తాను అంచు మీద ఒక్కో చుక్క వేసి, ఎంతలో ఇంకుతుందో చూస్తూ కూర్చుంది. దుకాణదారుకి విసుగొచ్చింది.

"అమ్మా, మీరు గుడ్డ కొంటారా, ఇక్కడే ఉతుకుతారా?"

"ఉతుకుతాను. ఉతికితే ఏమవుతుందో తెలియకుండా నీ దగ్గర కొంటే నా వియ్యపురాలు నన్ను ఉతుకుతుంది."

చివరికి రెండు రకాలు ఎంచింది. ఒకవైపుకి నూలు ఫ్లానెల్, మెత్తగా ఉంటుంది. రెండోవైపుకి పల్చటి టర్కీ టవల్ గుడ్డ, దాని పోగులు మురికిని పట్టి లాగుతాయి. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, అది ఉన్నంత సేపూ నీళ్ళు పీల్చదు, పైగా మొదటి ఉతుకులో ముడుచుకుపోతుంది. అందుకని కత్తెర పెట్టకముందే రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి ఆరేసింది. చాచిన అరచేతికి కాస్త పెద్దగా కత్తిరించింది, మరీ పెద్దవైతే చేతిలో ఉండచుట్టుకుపోతాయి. అంచు మడిచి కుడితే ఆ మందం పసిపిల్లను గీరుతుందని మడవకుండా, మూలలు గుండ్రంగా తిప్పి, అంచు పోగులు ఊడకుండా ఓవర్‌లాక్ కొట్టింది. ముఖానికీ చేతులకీ తెల్లవి, కిందకి నీలంవి. ఒకదానికి బదులు ఒకటి వాడే ప్రసక్తే లేదు.

కూతురు అవి చూసి అమ్మను వాటేసుకుంది. టైలరమ్మ ఆ రోజు మధ్యాహ్నం కావాలనే కాసేపు ఎక్కువ ఉండి, వార్డెనమ్మకు వాటిని ఎలా చూసుకోవాలో స్వయంగా చెప్పింది. వాడిన గుడ్డను వెంటనే చన్నీళ్ళ కుళాయి కింద పెట్టి జాడించాలి, వేడినీళ్ళు పోస్తే మరక అంటుకుపోతుంది. జాడించాక మూత ఉన్న బకెట్‌లో వేయాలి. ఉతికేటప్పుడు మాత్రం వేడినీళ్ళు, మామూలు సబ్బు, అదీ కొంచెం. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. ఎండలో ఆరేయాలి. డబ్బాలో ఆ రోజుకి సరిపడా మాత్రమే తడిపి పెట్టుకోవాలి, ఎక్కువ తడిపితే ముక్కిపోతాయి. వాసన ద్రవాలు, మెత్తబరిచే ద్రవాలు ఏవీ పోయకూడదు.

వార్డెనమ్మ చేతులు కట్టుకుని అంతా విని, "అయిందాండీ?" అంది.

"అయింది."

"వందలమంది ఆడపిల్లల దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికించిన దాన్ని నేను. ఒకసారి ఇద్దరు పిల్లలు ఒకే తువ్వాలు వాడుకున్నందుకు హాస్టల్ హాస్టలంతా గజ్జి పాకింది. ఒక పిల్లకి పుళ్ళు చీముపట్టి జ్వరం నెత్తికెక్కితే చేతుల మీద ఆసుపత్రికి మోసుకెళ్ళాను. మీరేమో దొడ్డికి తుడిచిన గుడ్డను దాచుకుని మళ్ళీ పసిపిల్లకి వాడమంటున్నారు. నా కోడలు అడిగింది కాబట్టి వాడతాను. నాకు పాఠాలు చెప్పకండి."

"పాఠం కాదండీ, పద్ధతి."

"మీ పద్ధతి మీ కొట్లో పెట్టుకోండి, వదినగారూ."

ఆ తరవాత గుమ్మం దగ్గర మాటలు ఇంకా తగ్గిపోయాయి. పాపను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చేటప్పుడు కూడా ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు కాదు. మధ్యలో పాప మాత్రం ఇద్దరి బట్టలూ చెరో గుప్పిట్లో పట్టుకుని వదిలేది కాదు. ఆ వేళ్ళు విడిపించేటప్పుడు కూడా ఎవరి వైపు వేళ్ళు ముందు విడిపోతాయా అని టైలరమ్మ చూసేది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒక సోమవారం పొద్దున పాప తొడల మడతల్లో ఎర్రగా కందిపోయి కనబడింది. కూతురు హడలిపోయింది. మధ్యాహ్నం పాప ఎలా ఉందోనని కూతురు ఫోన్ చేసి మాట్లాడుతుండగానే వార్డెనమ్మ వచ్చి అందుకుంది.

"నేను చెబుతూనే ఉన్నాను. గుడ్డలన్నాక క్రిములుంటాయి."

"గుడ్డలో ఏముంటుంది? ఉతికే చేతిలో ఉంటుంది" అంది టైలరమ్మ.

"నా చేతులకేమైందండీ?"

"నేనేమీ అనలేదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలెందుకు..." అనబోయి, కూతురు ఫోన్లో ఇంకా వింటోందని గుర్తొచ్చి నోరు నొక్కుకుంది.

పిల్లల డాక్టరు ఊళ్ళో లేదు. శుక్రవారం గానీ దొరకదన్నారు ఆసుపత్రి వాళ్ళు. అప్పటిదాకా ఇంట్లో ఉన్న క్రీమే రాస్తూ ఉండమన్నారు.

మంగళవారం పొద్దున కూతురు పనికి వెళ్ళాక టైలరమ్మ గుడ్డల డబ్బా మూత తీసింది. తీయగానే చెయ్యి ఆగిపోయింది. ఒక నీలం గుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. నేల తుడిచే మందు. క్రిములు చంపుతుందని వార్డెనమ్మ రోజూ సాయంత్రం ఇల్లంతా తుడిచే మందు అది. ఇంట్లో ఎప్పుడూ ఆ వాసనే కాబట్టి కూతురికి గుడ్డల వాసన విడిగా తెలిసి ఉండదు. టైలరమ్మ ముక్కుకు మాత్రం గుడ్డ వాసన గుడ్డదే, గది వాసన గదిదే. ఆ గుడ్డను గిన్నెలో నీళ్ళలో ముంచి పిండింది. నీళ్ళు తెల్లగా విరిగాయి. వార్డెనమ్మ గుడ్డల్ని ఆ మందులో నానబెడుతోంది, సరిగ్గా జాడించడం కూడా లేదు.

ముందు వచ్చింది కోపం కాదు, సంతోషం. చాలా ఏళ్ళుగా వెతుకుతున్న వస్తువు ఒక్కసారిగా చేతికి దొరికినట్టు ఒళ్ళంతా తేలికపడింది. దొరికింది. ఇన్నాళ్ళకు దొరికింది.

డబ్బాలోంచి ఇంకో గుడ్డ తీసి, పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి పోకుండా ముడేసి చేతిసంచిలో అడుగున దాచింది.

కూతురికి ఫోన్ చేద్దామని ఫోన్ తీసింది కూడా. కానీ ఇప్పుడు చెబితే ఏమవుతుంది? వార్డెనమ్మ లేదంటుంది. మధ్యాహ్నానికల్లా అన్నీ మళ్ళీ ఉతికి ఆరేస్తుంది. అల్లుడు లారీలోంచి ఫోన్ చేసి "మా అమ్మ అలా చేయదు అత్తయ్యా" అంటాడు. చివరికి తనే నోరు పారేసుకున్నదని తేలుతుంది. అదే శుక్రవారం డాక్టరు ముందు, కూతురు ముందు, కవరు విప్పి చూపిస్తే? అప్పుడు "లెండి" అని తప్పించుకోవడానికి ఉండదు.

ఫోన్ పక్కన పెట్టింది.

పాప ఏడ్చింది. టైలరమ్మ ఆ డబ్బా ముట్టుకోలేదు. కొత్తగా కుట్టి సంచిలో వేసుకొచ్చిన గుడ్డలు గోరువెచ్చటి నీళ్ళలో తడిపి పాపను శుభ్రం చేసింది. వాడినవి జాడించి తన సంచిలోనే పెట్టుకుంది. డబ్బాను మాత్రం ఎక్కడున్నది అక్కడే పెట్టి మూత వేసింది. నా పూట పాపను నేను కాపాడుతున్నాను కదా అనుకుంది. ఆవిడ పూట పాపం ఆవిడదే.

బుధవారం పాప పిరుదుల మీద కూడా దద్దుర్లు లేచాయి. ఆ మధ్యాహ్నం టైలరమ్మ పాపను అప్పగించి మెట్లు దిగుతోంది. సగం దిగేసరికి పైనుంచి కేక వినబడింది. అది ఆకలి ఏడుపు కాదు, నిద్ర ఏడుపు కాదు. పచ్చి పుండు మీద తగిలినప్పటి కేక. వెనకే వార్డెనమ్మ గొంతు. "అయిపోయిందమ్మా, అయిపోయింది, ఒక్కసారి, ఒక్కసారి తుడిస్తే పోతుంది." ఆ గొంతు గుమ్మం దగ్గర వినిపించే గొంతులా లేదు. బతిమాలుతోంది.

టైలరమ్మ మెట్ల చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. ఒక కాలు పైమెట్టు మీదికి తిరిగింది కూడా. కింది వాటాలో ఎవరో తలుపు తీసిన చప్పుడైంది. ఇంకెంత, ఎల్లుండి శుక్రవారమే కదా, అనుకుంది. చువ్వ వదిలి దిగిపోయింది. ఆ సాయంత్రం కొట్లో ఒక గౌనుకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టి, మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

శుక్రవారం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు గది బయట బల్ల మీద కూతురు మధ్యలో పాపతో కూర్చుంటే, అమ్మమ్మా నాయనమ్మా చెరో పక్కన బిగుసుకుని కూర్చున్నారు. పాప అలసిపోయి ఏడవడం మానేసి ఊరికే మూలుగుతోంది. వార్డెనమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. టైలరమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

లోపలికి పిలిచి డాక్టరు పాపను చూసింది. కాళ్ళు ఎత్తి మడతలు చూసి భృకుటి ముడిచింది.

"దేంతో తుడుస్తున్నారు?"

"గుడ్డ వైప్స్ అండీ" అంది కూతురు. "మా అమ్మ కుట్టింది."

"గుడ్డవి మంచివే. ఉతకడం దేంతో?"

"మామూలు సబ్బే."

వార్డెనమ్మ గోడ మీద వేలాడుతున్న క్యాలెండరు చూస్తోంది. టైలరమ్మ అదే అదను అనుకుంది. సంచిలో చెయ్యి పెట్టి కవరు తీసి డాక్టరు బల్ల మీద పెట్టింది.

"సబ్బు కాదు డాక్టరుగారూ. మీరే వాసన చూడండి."

డాక్టరు ముడి విప్పింది. గదంతా ఆ వాసన కమ్ముకుంది. విప్పిన చేతినే వెనక్కి తీసుకుని, "ఇది నేలకి వాడేది. దీన్ని పసిపిల్ల ఒంటి మీద ఎవరు వాడమన్నారు?" అంది.

వార్డెనమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "క్రిములు పోతాయని..." అంది. "రెండు మూతలే వేశానండీ. మా హాస్టల్లో దుప్పట్లకి... పాపకేమీ రాకూడదనే..."

"చూశావా?" అంది టైలరమ్మ కూతురి వైపు తిరిగి. గొంతులో ఉన్న పొంగు ఆపుకోలేకపోయింది. "గుడ్డది తప్పు, గుడ్డది తప్పు అని నన్ను ఎన్ని మాటలందో చూశావా?"

కూతురు అత్త వైపు చూడలేదు. బల్ల మీది గుడ్డనే చూస్తోంది.

"ఇది నీ దగ్గరికి ఎలా వచ్చిందమ్మా?"

"డబ్బాలోంచి తీశాను."

"ఎప్పుడు?"

"మంగళవారం. వాసన పోకూడదని తీసిన క్షణమే కవర్లో పెట్టి ముడేశాను. లేకపోతే ఈవిడ ఒప్పుకుంటుందా?"

ఆ మాట అనేశాక గానీ తను ఏమన్నదో టైలరమ్మకు వినబడలేదు. డాక్టరు రాస్తున్న కలం ఆగింది.

"మంగళవారం" అంది కూతురు. "ఈరోజు శుక్రవారం."

పాపను ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"మరి పొద్దున పూట నువ్వేం వాడావు? ఇవేనా?"

"నేను... నా దగ్గర కొత్తవి ఉన్నాయి కదా, అవి తెచ్చి..."

"తెచ్చి, వాడి, తీసుకెళ్ళిపోయావు. వీటిని అక్కడే ఉంచేశావు." కూతురి గొంతు పెరగలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో కొనుక్కునేవాళ్ళతో ఒక్కో అక్షరం చదివించేటప్పుడు మాట్లాడినట్టే మాట్లాడుతోంది. "సాయంత్రం ఇంటికొచ్చి నేను కూడా వాటితోనే తుడిచానమ్మా. మంగళవారం తుడిచాను, బుధవారం తుడిచాను, నిన్న తుడిచాను. అది ఏడుస్తుంటే క్రీము తక్కువైందేమోనని ఇంకా గట్టిగా తుడిచాను."

టైలరమ్మ ఆ సంగతి ఆలోచించనే లేదు. ఆమె లెక్కలో తను ఉంది, వార్డెనమ్మ ఉంది. సాయంత్రం ఇంటికొచ్చే కూతురు ఎక్కడా లేదు.

తరవాత ఏం చేయాలో డాక్టరే చెప్పింది. కొన్నాళ్ళు అసలేమీ తుడవకండి, గోరువెచ్చటి నీళ్ళు పోసి కడిగి, మెత్తటి గుడ్డ అద్ది ఆరనివ్వండి. ఈ మందు రాయండి. ఆ గుడ్డల్ని పారేయక్కర్లేదు, వాసనా నురగా పూర్తిగా పోయేదాకా ఉత్త వేడినీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతకండి. చెబుతున్నంత సేపూ ఆమె పెద్దవాళ్ళిద్దరి వైపూ చూడలేదు, కూతురికే చెప్పింది.

బయట మెట్ల మీద కూతురు ఆగింది.

"అత్తయ్య తెలియక చేశారు. నువ్వు తెలిసి ఊరుకున్నావు" అంది తల్లితో. "ఇద్దరూ ఇక రావద్దు. నేను చూసుకుంటాను."

"అమ్మాయీ, నేను..." అంది వార్డెనమ్మ.

"మీరు కూడా అత్తయ్యా. నన్ను అడక్కుండా నా పిల్ల మీద మందులు పోశారు. ఏడుస్తుంటే కూడా చెప్పలేదు."

టాక్సీ ఎక్కి తలుపు వేసుకుంది. ఇద్దరూ ఆసుపత్రి ముందు మిగిలారు. జనం వాళ్ళను తప్పుకుంటూ లోపలికీ బయటికీ నడుస్తున్నారు.

వార్డెనమ్మ తిరిగి చూసింది. "నువ్వు గుడ్డ దాచావు" అంది. "నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఇన్నేళ్ళలో ఆమె నోట "నువ్వు" అన్న మాట రావడం అదే మొదలు. టైలరమ్మకు అది మర్యాద తగ్గినట్టు అనిపించలేదు. మొదటిసారి తనతో మాట్లాడినట్టు అనిపించింది.

"చెబితే వినేదానివా?"

"వినేదాన్ని కాదు" అంది వార్డెనమ్మ. "నిన్ను నాలుగు మాటలని ఉండేదాన్ని. అయినా ఆ మధ్యాహ్నం గుడ్డ ముట్టుకునే ముందు నా చెయ్యి ఆగేది."

అని, బస్సు కోసం చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కూతురు సెలవు పెట్టింది. సెలవు అయిపోయాక పాపను తన దుకాణం పక్క వీధిలో ఉన్న క్రెష్‌లో చేర్చింది. దద్దుర్లు తగ్గాయన్న సంగతి టైలరమ్మకు అల్లుడు చెబితే తెలిసింది. అతను ఎవరి పక్షమూ మాట్లాడలేదు, "బాగానే ఉంది అత్తయ్యా" అని పెట్టేశాడు. కూతురు ఫోన్ ఎత్తేది కాదు. టైలరమ్మ పొద్దున్నే కొట్టు తెరిచేది. పక్క దుకాణాల వాళ్ళు "ఏంటమ్మా, మనవరాలి దగ్గరికి వెళ్ళడం లేదా?" అని అడిగితే "పని ఎక్కువగా ఉంది" అనేది. పని లేదు. మిషన్ ముందు కూర్చుంటే ఆ మెట్లూ, చేతికి చల్లగా తగిలిన చువ్వా, పైనుంచి వినబడిన ఆ కేకా గుర్తొచ్చేవి. వార్డెనమ్మను తిట్టుకుందామని ప్రయత్నించేది. మొదలుపెట్టగానే తిట్టు మధ్యలో తెగిపోయేది.

ఒకరోజు కూతురే కొట్టుకు వచ్చింది. చంకలో పాప ఉంది, బుగ్గలు వచ్చాయి. టైలరమ్మ చేతులు చాచింది. కూతురు పాపను ఇవ్వలేదు.

"క్రెష్‌లో నీటి పైపు పగిలింది, బాగయ్యేదాకా మూసేశారు. నాకు ఇంక సెలవు లేదు" అంది. "అత్తయ్యనీ రమ్మన్నాను."

"పొద్దున నేను, మధ్యాహ్నం ఆవిడా?"

"కాదు. ఇద్దరూ ఒకేసారి, పొద్దున్నుంచీ సాయంత్రం దాకా. ఒక్కళ్ళే ఉండే పని లేదు. గుడ్డలు కూడా ఇద్దరూ కలిసే ఉతకాలి. ఏమైనా తేడా వస్తే ఇద్దరూ బాధ్యులే."

"ఆవిడతో పొద్దున్నుంచీ సాయంత్రం దాకానా?"

"ఆవిడ కూడా ఇదే మాట అంది."

టైలరమ్మకు "నన్ను క్షమించు" అనాలని నోటిదాకా వచ్చింది. కూతురు అప్పటికే పాప టోపీ సర్దుకుంటూ వీధిలోకి తిరిగింది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి వార్డెనమ్మ వచ్చి ఉంది. కుర్చీ గోడకానించుకుని నిటారుగా కూర్చుని ఉంది. టైలరమ్మ సోఫా ఈ చివర కూర్చుంది. కూతురు చెప్పాల్సినవి చెప్పి వెళ్ళిపోయింది. తలుపు మూసుకున్నాక ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నేల మందు వాసన లేదు.

పాప కాసేపు కాళ్ళు ఆడించి, ముఖం ఎర్రబరుచుకుని ముక్కింది. ఇద్దరూ ఒకేసారి లేచారు.

"నేను తుడుస్తాను" అంది వార్డెనమ్మ.

"నువ్వు కాళ్ళు పట్టుకో. నేను తుడుస్తాను."

"నువ్వే ఎందుకు తుడవాలి?"

"సరే, నువ్వే తుడువు. నీలం గుడ్డ తీసుకో."

"నాకు కళ్ళున్నాయి."

వార్డెనమ్మ ఒక నీలం గుడ్డ తీసి, పాపకి తగిలించకముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తరవాత చెయ్యి చాచి ఎదురుగా పట్టుకుంది. టైలరమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె కూడా వంగి వాసన చూసింది. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. ఇద్దరూ తల ఊపలేదు, నవ్వలేదు. వార్డెనమ్మ ముందునుంచి వెనక్కి, మెల్లగా అద్దుతూ తుడిచింది. పాప ఏడవలేదు. కాలి బొటనవేలు పట్టుకుని దాన్ని నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

ఉతికేటప్పుడు మళ్ళీ మొదలైంది. వార్డెనమ్మ వేడినీళ్ళు పోసింది. టైలరమ్మ సబ్బు తీసింది.

"అంత సబ్బా?" అంది వార్డెనమ్మ.

"ఇది ఎక్కువా?"

"ఎక్కువైతే నురగ పోదని నువ్వేగా చెప్పింది."

"విన్నావన్నమాట."

"వినబడింది."

జాడించడం అయ్యేసరికి ఇద్దరి ముంజేతులూ ఎర్రబడ్డాయి. నీళ్ళలో నురగ పోయిందంటే పోయిందని వార్డెనమ్మ, ఇంకో నీళ్ళు పట్టాలని టైలరమ్మ, గొంతులు పెరిగేదాకా వాదించుకున్నారు. చివరికి ఇంకో నీళ్ళు పట్టారు. ఆ నీళ్ళు తేటగా ఉన్నాయి.

"చూశావా? ముందే పోయింది" అంది వార్డెనమ్మ.

టైలరమ్మ ఒక గుడ్డ పిండి అందించింది. అవతలి మనిషి దాన్ని విదిలించి తీగ మీద వేసి క్లిప్పు పెట్టింది. అలా ఒకటి తరవాత ఒకటి అందించుకుంటూ, తెల్లవి ఒక పక్కా నీలంవి ఒక పక్కా బాల్కనీ నిండా ఆరేశారు.